కాటా మీద కిలో, బల్ల మీద వాక్యం: విశ్వాసియైన గుమాస్తా ఏం చేయాలి?

ప్రశ్న
రాసినవారు: చిట్టాపద్దు

అందరికీ వందనాలు. నేను ఒక మార్కెట్ యార్డులోని మిర్చి కమీషన్ కొట్టులో 14 సంవత్సరాలుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. యార్డు పేరు, కొట్టు పేరు ఇక్కడ రాయను. ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి కాదు, నా సంగతి నేను తేల్చుకోవడానికే రాస్తున్నాను.

రైతు తెచ్చిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, కాటా వేసిన తరువాత సంచి బరువు తీసివేయడం న్యాయమే. మా కొట్టులో దానిపైన ఇంకొక కిలో తీస్తారు. ఒకనాడు తేమ అంటారు, ఒకనాడు తాలు అంటారు, ఇంకొకనాడు మచ్చు అంటారు. అయితే రైతుకిచ్చే పట్టీ (తూకం, సొమ్ము రాసిన చీటీ) మీద ఈ పేర్లేవీ ఉండవు. తీసివేయగా మిగిలిన బరువునే అసలు బరువుగా నేను రాస్తాను. 40 టిక్కీలు తెచ్చిన రైతుకు 40 కిలోలు పోతాయి. కిలో 150 రూపాయలు పలికిన రోజున అది 6,000 రూపాయలు. రైతుకు ఈ సంగతి తెలియక కాదు. సాగుకు ముందే మా కొట్టులో పెట్టుబడికి అప్పు తీసుకుని ఉంటాడు కాబట్టి సరుకును ఇంకొక చోటికి తీసుకుపోలేడు, ఇక్కడ గట్టిగా అడగనూ లేడు. సీజను చివర ఇలా మిగిలిన సరుకును అమ్మి, ఆ డబ్బులో కొంత మా గుమాస్తాలకు బోనసుగా ఇస్తారు. పోయినసారి నాకు వచ్చింది 15,000. అలవాటు ప్రకారం అందులో దశమభాగం కవరులో పెట్టి మందిరంలో ఇచ్చాను.

నేను మా సంఘానికి కోశాధికారిని కూడా. కొట్టులో నా బల్ల మీద వాక్యాల క్యాలెండరు ఉంటుంది. మా సంఘంలో ఎవరైనా యువకుడు ఉద్యోగంలో చేరితే, పనిచేసే చోట సాక్ష్యం నిలబెట్టుకోమని సలహా చెప్పే పెద్దలలో నేనూ ఒకడిని. పోయిన మార్చిలో ఒక పెద్దాయన నా చేతి నుంచి పట్టీ తీసుకుని, కాసేపు దాన్ని చూసి, తరువాత క్యాలెండరు చూసి, "బాబూ, ఆదివారం మీ గుళ్ళో కానుకలు లెక్కపెట్టేటప్పుడు కూడా కిలో తీస్తారా?" అని అడిగారు. అందులో వెటకారం ఉండి ఉంటే నేను ఇంత బాధపడేవాడిని కాను. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తూ ఉంటుంది.

మా యజమాని క్రైస్తవుడు కాడు. అయితే రెండేళ్ళ క్రితం నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు నోటు రాయించుకోకుండా 80,000 రూపాయలు చేతిలో పెట్టి, తిరిగి ఇమ్మని ఈనాటి వరకు అడగని మనిషి ఆయనే. ఆయన మీద తప్పు మోపి నేను తప్పుకోవడం ఎంత సులభమో, అంత అన్యాయం కూడా. ఆ కిలోను కాగితం మీద మాయం చేసే చేయి నాది.

మా అయ్యగారిని (పాస్టరుగారిని) అడిగితే ప్రార్థన చేయమన్నారు, దేవుడు ఏదో ఒక మార్గం తెరుస్తాడన్నారు. వాక్యం బాగా తెలిసిన ఒక మిత్రుడు, మనం రక్షింపబడింది కృపచేతనే గాని క్రియలచేత కాదు కదా, దీని గురించి ఇంతగా నలిగిపోవడం సాతాను పెట్టే నిందే అన్నాడు. రెండు మాటలూ నాకు ఊరటనివ్వలేదు. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉంది. ఉద్యోగం మానేయాలా? మానకుండా ఉండి క్రైస్తవుడిగా బ్రతకడానికి వీలుందా? ఇంతకాలం జరిగినదాన్ని ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


జవాబు
రాసినవారు: పాత సండేస్కూలు టీచరు

సహోదరా, వందనాలు. మీరు అడిగిన మొదటి ప్రశ్నను దాదాపు ఇవే మాటలతో అడిగినవారు లూకా సువార్త మూడవ అధ్యాయంలో ఉన్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చి తామేమి చేయవలెనని అడిగారు. సుంకం వసూలు అనేది ఆనాడు పేరుకే ఉద్యోగం; పైకం ఎంత లాగితే అంత మిగిలే పని. అయినా యోహాను వారిని ఆ ఉద్యోగం విడిచి అడవికి రమ్మనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. తరువాత సిపాయిలు అడిగితే, వారిని కూడా కత్తి పారవేయమనకుండా, ఎవరినీ బాధపెట్టవద్దనీ, ఎవరి మీదా అపనింద వేయవద్దనీ, జీతంతో తృప్తి పొందమనీ చెప్పాడు. నేను నలభై ఏళ్ళు పిల్లలకు ఈ అధ్యాయం చెప్పాను, కాని మత్తయి సువార్తలో యోహాను మిడతలు తిన్న సంగతే వారికి బాగా గుర్తుండేది. అది నా బోధనలో లోపమే అయి ఉండాలి.

మారుమనస్సు అంటే మన సంఘాలలో సాధారణంగా కన్నీళ్ళతో ముందుకు వచ్చి మోకాళ్ళూనడంగా అర్థమవుతోంది. యోహాను మాత్రం దానిని రెండు అంగీలు, భోజనం, సుంకం, జీతం అనే నాలుగు లెక్కలలోకి దించి చెప్పాడు. మీ విషయంలో అది కాటా లెక్క. ఈ లెక్క ధర్మశాస్త్రంలోనూ ఉంది. లేవీయకాండము 19వ అధ్యాయంలో న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు ఉండాలన్న ఆజ్ఞ, నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించవలెనన్న ఆజ్ఞ వచ్చిన అధ్యాయంలోనే వస్తుంది. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతలలో ఉన్న మాట మీకు కంఠస్థంగానే వచ్చి ఉంటుంది.

మా ఒంగోలు ప్రాంతపు చరిత్రలోని ఒక సంగతి కూడా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ఘోరమైన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి అన్నం ఊరికే పెట్టకుండా పని ఇచ్చి కూలి ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. సువార్త ప్రసంగీకులనే ఆ పనిమీద మేస్త్రీలుగా పెట్టారు. ఆ రోజులలో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగినా, అన్నం కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు సహాయం ముగిసిన తరువాత, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన సభలలో ఈ అంకెను మాత్రం గర్వంగా చెప్పుకుంటాము. దానికి ముందు ఆ ఏడాదికి పైగా సాగిన నిగ్రహాన్ని చెప్పము. ప్రసంగీకుడు మేస్త్రీగా నిలబడి, గంప ఎత్తలేని మనిషితో ఎలా మాట్లాడాడో, కూలి ఎలా లెక్కగట్టాడో చూసిన తరువాతనే ఆ జనం నదిలోకి దిగారు. మీ బల్ల దగ్గర నిలబడే రైతు కూడా అదే చూస్తున్నాడు.

కాబట్టి తొందరపడి ఉద్యోగం మానవద్దు, అలాగే ఆ కిలో రాయడం కూడా కొనసాగించవద్దు. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు దారి గురించి లెక్కలు తెలిసినవారు నాకంటే బాగా చెప్పగలరు.


జవాబు
రాసినవారు: ఆడిట్ బల్ల

నేను హైదరాబాదులో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. టీచరుగారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే, రెండు హెచ్చరికలు చేయదలచుకున్నాను.

మొదటిది, చిట్టాపద్దుగారి మిత్రుడి మాటను అంత తేలికగా తోసివేయకూడదు. క్రియలు గాక కృపయే రక్షిస్తుందన్నది మన విశ్వాసానికి పునాది. దానిని కాస్త అటూ ఇటూ జరిపితే, నిజాయితీగా ఉండే ప్రతి మనిషీ తన నిజాయితీనే తనకు దేవుడిగా చేసుకునే ప్రమాదం ఉంది. అలాంటివారిని మా వృత్తిలో రోజూ చూస్తాను. లంచం ముట్టరు, కాని ఇంట్లో ఎవరూ వారితో ప్రశాంతంగా ఒక పూట అన్నం తినలేరు. అయితే ఆ మిత్రుడు ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాల దగ్గర ఆగిపోయినట్టున్నాడు. సత్క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డామని పదవ వచనం చెబుతోంది. క్రియలు మన రక్షణకు వేరు కాదు, కాపు మాత్రమే. కాపు లేని చెట్టును చూసి రైతు వేరును అనుమానించడం సహజమే. 1937లో జర్మనీలో పాస్టరు డీట్రిష్ బోన్‌హాఫర్ చౌకబారు కృప గురించి రాసినప్పుడు ఆయన ఎదుట ఉన్నది కూడా ఈ చిక్కే: క్షమాపణ కావాలి, మారుమనస్సు మాత్రం వద్దు.

రెండవది వ్యవహారానికి సంబంధించినది. మీరు మానేస్తే రేపు ఉదయం ఆ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుని అదే కిలో రాస్తారు. మీ చేతులు శుభ్రపడతాయి, రైతు సంచీ మాత్రం అలాగే ఉంటుంది. సిరియా సేనాధిపతి నయమాను స్వస్థత పొందిన తరువాత ఎలీషాతో, తన రాజు రిమ్మోను గుడిలో తన చేతిమీద ఆనుకుని మ్రొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుందని, దానిని యెహోవా క్షమించాలని అడిగాడు. ప్రవక్త అతనిని కొలువు మానమనలేదు, నెమ్మదితో వెళ్ళమన్నాడు. పరాధీనంగా బ్రతికేవారి ఇరకాటం దేవునికి తెలుసు. ఈ ఒక్క విషయం ఉద్వేగంగా మాట్లాడే మన ప్రసంగీకులలో చాలామందికి తెలియదు. నెల జీతం మీద బ్రతికే మనిషి ఎదుట నిలబడి, అన్నీ విడిచిపెట్టి వచ్చిన పేతురును చూపించడం వారికి అలవాటు.

నా సలహా ఇది. యజమానితో ఒంటరిగా, ఖాతాదారులెవరూ లేని సమయంలో మాట్లాడండి. కిలో తీయవద్దని మొదటిరోజే అడగకండి. ఏది తీస్తే అది పట్టీ మీద విడిగా రాస్తానని మాత్రం చెప్పండి: మొత్తం బరువు, సంచి బరువు, తరుగు, నికర బరువు. అబద్ధం రాయననడానికి గుమాస్తాకు పూర్తి హక్కు ఉంది. యజమాని కూడా దానిని తన మీద దాడిగా తీసుకోవలసిన అవసరం ఉండదు. చీకటిలో తీసిన కిలో ఒకసారి కాగితం మీద కనబడితే, దాని గురించి రైతు బేరమాడగలడు. తూనికలు కొలతల విషయంలో 2009 నాటి చట్టం ఉంది, ఏటా కాటాకు ముద్ర వేయించవలసిన బాధ్యత ఉంది; కాటా సరిగానే ఉండి కాగితం తప్పుగా ఉండడం మీ దగ్గర జరుగుతున్న వింత.

బోనసు సంగతి వేరు. దాని గురించి ఇంకొకరు చెబితే బాగుంటుంది, నాకే అందులో తడబాటు ఉంది.


జవాబు
రాసినవారు: మిరపచేను

నేను కువైట్‌లో నర్సును. మా నాన్న మిర్చి రైతు. ఇరవై ఏళ్ళకు పైగా మీలాంటి బల్లల ముందు నిలబడి పట్టీలు తీసుకున్న మనిషి. కాబట్టి నా మాటలు కాస్త కటువుగా ఉంటే మన్నించాలి.

ఆడిట్ బల్లగారూ, నయమాను వంగినప్పుడు ఎవరి సంచీలోనూ కిలో తగ్గలేదు. అది అతనికీ దేవునికీ మధ్య ఉన్న విషయం. ఇక్కడ మధ్యలో మూడో మనిషి ఉన్నాడు. ఈ చర్చ అంతటిలోనూ గుమాస్తాగారి మనస్సాక్షి ఎంత నలుగుతోందన్న మాటే వినబడుతోంది గాని, ఆ 6,000 రూపాయలు లేకపోతే ఆ ఇంట్లో ఏమయిందో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఒక సంవత్సరం ఆ డబ్బు కోత కూలీలకు ఇవ్వవలసిన డబ్బు. మా నాన్న వారికి బాకీపడి, రెండు వారాలు వేరే దారిన ఊళ్ళోకి వచ్చేవారు. చేలు కోసినవారి కూలిని మోసంతో పట్టి ఉంచితే ఆ కూలియే మొరపెడుతుందని యాకోబు రాశాడు. మీ కొట్టు మా ఊరికి దూరం కాబట్టి ఆ మొర మీకు వినబడదు, అంతే.

నేను క్రైస్తవురాలినే. మా అమ్మ వైపు వారు మూడు తరాలుగా విశ్వాసులు. మా నాన్న మాత్రం మందిరానికి రారు. ఎందుకు రారని మా అయ్యగారు ఒకసారి ఇంటికి వచ్చి అడిగితే, ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చుని, మా పొలంలో మిరపకాయ కోసిన కూలీలు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి, అక్కడ కూర్చునేట్టయితే వస్తానన్నారు. మా ఊళ్ళో రెండు మందిరాలు ఉన్నాయి, ఎవరు ఏ మందిరానికి పోవాలో పుట్టుకతోనే తెలిసిపోతుంది. ఒకే రొట్టె, ఒకే పాత్ర అని ప్రతి నెలా బల్లారాధనలో చదువుతారు. దాని గురించి మాట్లాడితే ప్రశ్న దారి తప్పుతుంది గనుక ఆపుతాను. కాని కాటా ఒక్కటే మన సాక్ష్యానికి కొలత అనుకోవద్దని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

ఇక బోనసు. చిట్టాపద్దు అన్నగారూ, మీరు అందులో నుంచి దశమభాగం ఇచ్చానని రాశారు. అది చదివి నేను ఫోను పక్కన పెట్టేశాను. మా నాన్న కిలోలో పదోవంతు దేవుని మందిరంలోకి వెళ్ళింది. ఆయనకు తెలియకుండానే ఆయన చేత కానుక ఇప్పించారు. సంఖ్యాకాండము ఐదవ అధ్యాయం చదవండి. పొరుగువానికి నష్టం చేసినవాడు తన పాపాన్ని ఒప్పుకుని, ఆ సొమ్ముకు ఐదోవంతు కలిపి, ఎవరికి నష్టం చేశాడో వారికే ఇవ్వాలి. ఆ మనిషి లేకపోతే అతని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. అటువంటి బంధువు కూడా లేనప్పుడు మాత్రమే అది యాజకునికి చెందుతుంది. వరుస గమనించండి: మందిరం చివర ఉంది. మనవాళ్ళు ఆ వరుసను తలకిందులు చేసి, మనస్సులో బరువు కలగగానే కానుకల పెట్టె వైపు నడుస్తారు, ఎందుకంటే పెట్టె ఏమీ అడగదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పడం కూడా అందుకే అయి ఉంటుంది.

ప్రతి రైతునూ వెతకడం కుదరదంటారు. మీ దగ్గర పట్టీల నకళ్ళు ఉంటాయి, వాటి మీద పేర్లూ ఊళ్ళూ ఉంటాయి. మీ నవ్వు మీకు గుర్తుంది గదా, ఆ పెద్దాయన ఊరు కూడా గుర్తుండే ఉంటుంది. అక్కడ మొదలు పెట్టండి.


జవాబు
రాసినవారు: డోర్నకల్ దారి

మిరపచేను అమ్మాయి రాసిన తరువాత చెప్పవలసినది తక్కువే మిగిలింది. మా తాతగారు డోర్నకల్ డయోసిస్‌లో (బిషప్పు కింది సంఘాల ప్రాంతంలో) ఉపదేశిగా, అంటే పల్లె సంఘ బోధకుడిగా, పనిచేశారు. ఆయన ద్వారా విన్న ఒక పద్ధతి గురించి మాత్రం రాస్తాను.

1912 డిసెంబరులో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. స్వయంగా తమిళుడైనా తరువాతి జీవితమంతా తెలుగు పల్లెలలోనే గడిపి, 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల పేదలు. ఇవ్వడానికి డబ్బు లేని ఆ ఇళ్ళలో వంట మొదలు పెట్టేముందు స్త్రీలు ఎసట్లో పోయవలసిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. వారం చివర ఆ బియ్యమే సంఘానికి కానుక. దీనిని మన పెద్దలు నిధుల సేకరణగా చెబుతారు. మా నాయనమ్మ వేరేగా చెప్పేది. రోజూ పొయ్యి దగ్గర దేవుణ్ణి తలచుకోకుండా వంట మొదలు పెట్టే వీలు లేకుండా పోయింది, అప్పటి నుంచి కోపంతో వంట చేయడం కూడా తగ్గింది అనేది. తగ్గిందనేది, పోయిందనేది కాదు. మా తాతగారు పక్కనే ఉండేవారు గనుక అబద్ధం ఆడే వీలు లేదు.

ఆ ప్రాంతంలో పై కులాలవారు కూడా సంఘం వైపు తిరిగారు. తాగుడు మాని, పిల్లలను బడికి పంపి, మాట మీద నిలబడుతున్న తమ పాలేళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన తరువాత వచ్చినవారు వారిలో ఉన్నారు. పాలేరును చూసి ఆసామి వచ్చాడన్న ఈ సంగతి మనం మరచిపోకూడదు. చిట్టాపద్దు గారు తన యజమానికి కరపత్రం ఇవ్వాలా, వాక్యం చెప్పాలా అని అడగనందుకు నాకు సంతోషం కలిగింది. ముందు పట్టీ సరిచేయండి, ఆయనే అడుగుతారు. అడగకపోయినా పట్టీ సరిగానే ఉండాలి.

క్యాలెండరు సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. దానిని తీసివేయమని నేను అనను. నా ఉద్దేశంలో అది అక్కడే ఉండాలి, మీకు ఇబ్బంది కలిగిస్తూ ఉండాలి.


జవాబు
రాసినవారు: చిట్టాపద్దు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మా మిరపచేనూ, మీకు మరీ ముఖ్యంగా. మీ జవాబు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు, అది మంచిదే అయింది. మూడు వారాలు గడిచాయి గనుక జరిగినది రాస్తున్నాను.

ఆడిట్ బల్లగారు చెప్పినట్టు, మధ్యాహ్నం కాటాలు ఆగిన తరువాత యజమానితో మాట్లాడాను. తరుగు విడిగా రాస్తాననీ, అలా కాకపోతే పట్టీలు ఇంకొకరిచేత రాయించమనీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. యార్డంతా ఇలాగే ఉందని, తానొక్కడూ మానితే నష్టమని, హమాలీలకు సీజను చివర ఇచ్చేది కూడా అందులో నుంచే అని చెప్పారు. ఇవన్నీ నిజాలే. తరువాత, 14 సంవత్సరాలు రాసినవాడివి ఇప్పుడెందుకని అడిగారు. పెద్దాయన అడిగిన మాట చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

రెండు రోజులు తరుగు విడిగా రాయనిచ్చారు. రైతులు కాగితం చూసి అడగడం మొదలు పెట్టారు, కొందరికి అర కిలోతో సరిపెట్టవలసి వచ్చింది, ఇద్దరికి అసలు తీయలేదు. మూడో రోజు ఆయన తన మేనల్లుడిని కాటా దగ్గర కూర్చోబెట్టి, నన్ను కోల్డ్ స్టోరేజీ లెక్కలకు మార్చారు. జీతం తగ్గించలేదు. మేనల్లుడు పాత పద్ధతిలోనే రాస్తున్నాడు. కాబట్టి నా చేతులు శుభ్రపడి రైతు సంచీ అలాగే ఉండడమన్నది ఉద్యోగం మానకుండానే జరిగింది. దీనికి ఏం చేయాలో నాకు తెలియడం లేదు. యజమానితో మళ్ళీ మాట్లాడతాను, కాని ఆ ముఖం చూస్తే 80,000 గుర్తుకు వస్తుంది. అందుకే ఆ బాకీని నెలకు ఇంత అని తీర్చడం ఈ నెల నుంచి మొదలు పెట్టాను. ఆయన వద్దన్నారు, నేను క్యాషియరుకు కట్టి రసీదు తీసుకున్నాను.

మొన్న ఆదివారం ఆరాధన అయిన తరువాత ఆ పెద్దాయన ఊరు వెళ్ళాను. ఆయన పట్టీ నకలు చూసుకునే వెళ్ళాను: 40 టిక్కీలు, 6,000 రూపాయలు. ఐదోవంతు 1,200 కలిపి 7,200 తీసుకువెళ్ళాను. బోనసులో మిగిలినది అంతే. ఆయన ఇంటి ముందు మిరప నారు కోసం మడి చేయిస్తున్నారు. నేను చెప్పవలసినది నిలబడే చెప్పాను. ఆయన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, 6,000 తీసుకుని 1,200 తిరిగి నా చేతిలో పెట్టారు. ఇది నా లెక్కలో లేదన్నారు. గ్రంథంలో అలా ఉందని చెబితే, అది మీ గ్రంథం, ఇది నా సరుకు అన్నారు. తరువాత కూర్చోమని మజ్జిగ తెప్పించారు. వాక్యం గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సంఘ కమిటీకి కూడా జరిగినదంతా చెప్పి, కోశాధికారి పని నుంచి తప్పుకుంటానన్నాను. ఇంత చిన్న విషయానికి రాజీనామా ఎందుకని, బయట ఎవరికీ చెప్పవద్దని ఇద్దరు పెద్దలు అన్నారు. అయ్యగారు మాత్రం, బోనసు నుంచి వచ్చిన దశమభాగం 1,500 సంఘం ఖాతాలో నుంచి వెనక్కు ఇవ్వడానికి వీలుందేమో చూడమన్నారు. ఇంతవరకు మా సంఘంలో కానుక వెనక్కు ఇచ్చిన సందర్భం లేదు గనుక, దానికి తీర్మానం ఎలా రాయాలో ఎవరికీ తెలియలేదు. ఆడిట్ బల్లగారికి తెలిస్తే చెప్పగలరు. పెట్టె తాళం ప్రస్తుతానికి నా దగ్గరే ఉంది.

పోయిన రెండు సీజన్ల పట్టీల నకళ్ళు ముందు పెట్టుకుని ఊళ్ళ వారీగా జాబితా రాస్తున్నాను. రెండు వందలు దాటాయి. అందరికీ మొత్తం సొమ్ము ఇచ్చే శక్తి నాకు లేదు. నాకు బోనసుగా వచ్చిన మేరకైనా, ఏటా కొందరికి చొప్పున ఇవ్వగలనని అనుకుంటున్నాను.


జవాబు
రాసినవారు: మిరపచేను

అన్నగారూ, మా నాన్నకు ఇదంతా ఫోనులో చదివి వినిపించాను. మజ్జిగ దగ్గర ఆపి, ఆ ముసలాయనది ఏ ఊరని అడిగారు. మీరు రాయలేదని చెప్పాను. తరువాత ఆయన అడిగినదే మిమ్మల్ని అడుగుతున్నాను: పన్నెండేళ్ళ క్రితం పట్టీల నకళ్ళు కూడా మీ కొట్టులో ఉంచుతారా?